ఆందోళన కమ్మినప్పుడు దేవుని ముందు ఎలా కూర్చోవాలి?

తెలుగులో ‘సమాధానం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. బడిలో అది ప్రశ్నకు జవాబు. సంఘంలో అది నెమ్మది. దిగులుతో మోకరించేవాళ్లలో చాలామంది ఈ రెండింటినీ తెలియకుండానే కలిపేసుకుంటారు. స్కాన్ రిపోర్టు రావాలి, కొడుకు వీసా తేలాలి, అప్పు తీరాలి, అప్పటిదాకా నెమ్మది ఎక్కడిది అనుకుంటారు. ఒకసారి ఫిలిప్పీ పత్రిక 4:6-7 నిదానంగా చదవండి. చింతపడకుండా ప్రతి సంగతినీ కృతజ్ఞతతో దేవునికి తెలియజేయమని ఉంది. ఆ వెంటనే ‘మీరు అడిగింది దొరుకుతుంది’ అని లేదు. దేవుని సమాధానం “మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును” అని ఉంది. అంటే జవాబు ఇంకా దారిలో ఉండగానే కాపలా మొదలవుతుంది.

పౌలు ఆ మాట బంధకాల్లో ఉండి రాశాడు. చదివినవాళ్లు ఫిలిప్పీ వాళ్లు. అది రోమా సైన్యంలో పనిచేసి విరమించినవాళ్లను స్థిరపరచిన పట్టణం కాబట్టి కావలి అంటే ఏమిటో వాళ్లకు వివరించనక్కర్లేదు. మనకూ చేను కావలి తెలుసు. కావలివాడు మంచె ఎక్కినంత మాత్రాన అడవిలో పందులు లేకుండా పోవు, చేలోకి మాత్రం రావు. కింద చెప్పే పద్ధతులన్నీ ఆ కావలిని మనసులోకి పిలుచుకోవడానికే. దిగులు పుట్టించే కారణాలను మాయం చేస్తాయని ఆశపడి మొదలుపెట్టకండి.

ముందుగా తీసి పక్కన పెట్టాల్సిన భారం

‘నాకు విశ్వాసం తక్కువ, అందుకే ఈ భయం’ అన్న అపరాధభావం ఆందోళనను రెట్టింపు చేస్తుంది. అసలు భయం ఒకటి, భయపడుతున్నానన్న సిగ్గు ఇంకొకటి. గెత్సేమనేలో యేసు తన ప్రాణం మరణమయ్యేంతగా దుఃఖంలో మునిగి ఉందని శిష్యులకు నోరు తెరిచి చెప్పాడు (మత్తయి 26:38). ఒంటరిగా ఉండలేక పేతురునూ, యాకోబు యోహానులనూ వెంట తీసుకెళ్లాడు. ఒకే ప్రార్థనను మూడుసార్లు చేశాడు. చింతపడకండి అని రాసిన పౌలే, సంఘాలన్నిటి గురించిన చింత తనను రోజూ వేధిస్తోందని 2 కొరింథీ 11:28లో ఒప్పుకున్నాడు.

మరి మత్తయి 6లో “అల్పవిశ్వాసులారా” అని ఉంది కదా అంటారు. ఉంది. ఆ మాటకు ముందూ వెనకా ఏముందో కూడా చూడండి. ముందు యేసు పక్షులనూ అడవిపువ్వులనూ చూపించాడు, తర్వాత ఇవన్నీ మీకు కావాలని మీ తండ్రికి తెలుసు అన్నాడు. అది రాత్రిపూట ఉలిక్కిపడి లేచిన పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకునే తండ్రి మాట. దాన్ని తీర్పులా చదువుకోకండి.

గుండె దడ పట్టుకున్న పది నిమిషాలు

దడ, అరచేతుల చెమట, గొంతు పట్టేసినట్టు ఉండటం: ఈ స్థితిలో పొడుగు ప్రార్థన కుదరదు, కుదరలేదని బాధపడొద్దు. ముందు ఒంటిని కుదుటపరచండి.

కుర్చీలో గానీ మంచం అంచున గానీ కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనించండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, నోటితో ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. వదలడం పీల్చడం కన్నా పొడుగ్గా ఉండాలి. ఊపిరి నెమ్మదిగా బయటికి వెళ్లేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఇలా నిమిషానికి ఆరు ఊపిరులు పడతాయి. ఐదు నిమిషాలు చాలు.

రెండో నిమిషం నుంచి అంకెల స్థానంలో వాక్యం పెట్టండి. పీల్చేటప్పుడు మనసులో “యెహోవా నా కాపరి”, వదిలేటప్పుడు “నాకు లేమి కలుగదు”. లేదా 56వ కీర్తనలోని మాటలు: పీల్చేటప్పుడు “నాకు భయము సంభవించు దినమున”, వదిలేటప్పుడు “నిన్ను ఆశ్రయించుచున్నాను”. తూర్పు (ఆర్థోడాక్స్) సంఘాల సన్యాసులు శతాబ్దాలుగా ‘ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు’ అనే చిన్న ప్రార్థనను ఊపిరితో కలిపి చెబుతూ వచ్చారు. వాక్యం ఏదైనా ఒక్కటే ఎంచుకుని నెలంతా అదే వాడండి. రోజుకొకటి మారిస్తే అవసరమైన క్షణంలో ఏదీ నోటికి రాదు. దడ లేని వేళ, పొద్దున పళ్లు తోముకున్నాక రెండు నిమిషాలు సాధన చేస్తేనే దడ వచ్చిన వేళ పనికొస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. కంగారులో గబగబా గట్టిగా ఊపిరి తీస్తారు. అప్పుడు ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి పెదవులూ వేళ్లూ తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. దాంతో ఏదో అయిపోతోందని భయం ఇంకా పెరుగుతుంది. లోతు ముఖ్యం కాదు, నిదానం ముఖ్యం. ఇలాంటి దడ సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత దానంతటదే దిగుతుంది. కానీ ఛాతీ నొప్పి మొదటిసారి వచ్చినా, ఎడమ చేతికో దవడకో పాకినా, బీపీ షుగర్ ఉన్నవాళ్లయినా ఆందోళనేలే అని ప్రార్థిస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి. ప్రార్థన అంబులెన్సులో చేసుకోవచ్చు.

ఉత్తరాన్ని పరచడం: రోజుకు ఇరవై నిమిషాలు

మొత్తంలో ముఖ్యమైనది ఈ భాగమే. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు సైన్యం యూదా పట్టణాలను పట్టుకుంది. యెరూషలేముకు బెదిరింపు ఉత్తరం వచ్చింది. యూదా రాజు హిజ్కియా దాన్ని చదివి, దేవాలయంలోకి తీసుకెళ్లి యెహోవా ముందు పరిచాడు (2 రాజులు 19:14). దాచలేదు, చించలేదు, ‘దేవుడున్నాడులే’ అని మడిచి జేబులో పెట్టుకోలేదు.

ఆయన ప్రార్థన ఐదు వచనాలే. మొదట నువ్వు ఎవరివో నాకు తెలుసు అంటాడు. తర్వాత విను, చూడు అంటాడు. తర్వాత అష్షూరు రాజులు నిజంగానే దేశాలను పాడుచేశారని ఉన్నదున్నట్టు ఒప్పుకుంటాడు. చివరికి మమ్మల్ని రక్షించు అని అడుగుతాడు. ఈ వరుసనే మనమూ పట్టుకోవచ్చు.

ఒక గీతల నోటుపుస్తకం కొనండి. సాయంత్రం ఒక వేళ పెట్టుకోండి, ఆరు నుంచి ఏడు మధ్య అయితే మంచిది. పడుకునే ముందు మాత్రం వద్దు, రాసినవన్నీ పక్క మీదికి వస్తాయి. ఫోను వేరే గదిలో ఉంచండి. పేజీ పైన తేదీ వేసి, మనసులో తిరుగుతున్న దిగుళ్లను ఒక్కొక్కటి ఒక్కో వరుసలో రాయండి. ఖచ్చితంగా రాయడమే ఇందులో కిటుకు. ‘పిల్లల భవిష్యత్తు’ అని రాస్తే అది పొగ, పొగను ఎవరూ పట్టుకోలేరు. ఇలా రాయండి:

‘జూన్ 12లోపు పాప కాలేజీకి 45,000 కట్టాలి. చేతిలో 18,000 ఉంది. గడువు దాటితే సీటు పోతుందేమోనని భయం.’

పొగ కాస్తా మూడు వాక్యాలైంది. ఒకటి గడువు, ఒకటి లెక్క, ఒకటి భయం. బ్యాంకు నోటీసు, ల్యాబ్ రిపోర్టు, స్కూలు చీటీ, ఏదైనా కాగితం ఉంటే దాన్నీ విప్పి నోటుపుస్తకం పక్కన పరచండి. అరచేత్తో మడతలు సాపు చేయండి. తర్వాత రాసినది పైకి, వినపడేలా దేవునికి చదివి వినిపించండి. గ్రాంథికం అక్కర్లేదు. ఇంట్లో మాట్లాడుకునే మాటే, మీ జిల్లా యాసలోనే. మనసులో చదివితే తలపు మళ్లీ చక్రంలో పడుతుంది. నోటితో చెప్పిన వాక్యానికి చివర ఉంటుంది.

ఒక్కో దిగులు కింద ఒక్క వాక్యంలో విన్నపం రాయండి. ఆ కిందే రెండు గడులు గీయండి: ‘నా చేతి పని’, ‘దేవుని చేతి పని’. పై ఉదాహరణలో మొదటి గడిలో ‘రేపు పదకొండుకు కాలేజీ ఆఫీసులో వాయిదాల సంగతి అడగాలి, అన్నయ్యకు ఫోన్ చేయాలి’ అని పడుతుంది. రెండో గడిలో ‘వాళ్లు ఒప్పుకోవడం’ పడుతుంది. హిజ్కియా ప్రార్థించిన రాజే, ముట్టడిలో నీళ్లు ఆగకుండా కొండ తొలిపించి నీటి కాలువ తెప్పించిన రాజు కూడా. ఆ సొరంగం 533 మీటర్లు, ఈ రోజుకీ యెరూషలేములో ఉంది. యెరూషలేము గోడను తిరిగి కట్టించిన నెహెమ్యా కూడా అంతే, దేవునికి ప్రార్థన చేసి రాత్రింబగళ్లు కావలి పెట్టాడు (నెహెమ్యా 4:9). మొదటి గడి రోజూ ఖాళీగా ఉంటే భక్తి పేరుతో పనిని తప్పించుకుంటున్నట్టు. రెండో గడి ఖాళీగా ఉంటే లోకమంతా మీ భుజాల మీద మోస్తున్నట్టు.

కృతజ్ఞత చివర వస్తుంది. మూడు సంగతులు చాలు, అవి ఈ రోజువే, చిన్నవే కావాలి. ‘సకల మేళ్ల కొరకు స్తోత్రం’ అని రాసేస్తే మనసు కదలదు. ‘మధ్యాహ్నం కరెంటు పోకముందే మోటరు వేసుకోగలిగాను’, ‘అమ్మ ఈ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది’ అని రాయండి. దిగులు ఎప్పుడూ రేపటి గురించే మాట్లాడుతుంది, ఈ మూడూ మిమ్మల్ని ఈ రోజులోకి తీసుకొస్తాయి. “ఏనాటికీడు ఆనాటికి చాలును” అన్న మాటను ఆచరణలో పెట్టే మార్గం ఇదే.

ఇరవై నిమిషాలు కాగానే పుస్తకం మూసి బీరువాలో పెట్టండి. ‘మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి’ అని పేతురు రాసిన చోట (1 పేతురు 5:7) ఉన్న గ్రీకు క్రియనే, శిష్యులు గాడిదపిల్ల మీద తమ బట్టలు వేశారని చెప్పడానికి లూకా వాడాడు (లూకా 19:35). వేశాక ఆ బరువు మోసేది గాడిదే. రాత్రి పదకొండుకు అదే దిగులు మళ్లీ వస్తే, అది తప్పకుండా వస్తుంది, దానితో వాదించకండి. ‘నిన్ను సాయంత్రమే ప్రభువు ముందు పెట్టాను, రేపు ఆరింటికి మళ్లీ పెడతాను’ అని చెప్పి ఊపిరి వాక్యానికి రండి. మొదటి వారం ఇది రోజుకు ఇరవైసార్లు చేయాల్సి రావచ్చు. అది ఓటమి కాదు, గెత్సేమనేలో యేసే ఒకే మాట మూడుసార్లు పలికాడు.

మాటలే రానప్పుడు

కొన్ని రోజులు రాయడానికి చెయ్యి రాదు. అప్పుడు కీర్తనలను అరువు తెచ్చుకోండి. 13వ కీర్తన ఆరే వచనాలు. మొదటి రెండింటిలో ఫిర్యాదు: ఎన్నాళ్లు, ఎంతకాలం, ఎంతవరకు అని కీర్తనకారుడు దేవుణ్ణి నిలదీస్తాడు. తర్వాతి రెండింటిలో విన్నపం. చివరి రెండింటిలో నమ్మకం. మన ప్రార్థనల్లో చాలావరకు మొదటి భాగాన్ని దాటేసి నేరుగా స్తుతికి దూకుతాం. లోపలి ఫిర్యాదు లోపలే పులుస్తుంది. దాన్ని దేవుని ముందు కక్కితే ఆయనకు కోపం వస్తుందనుకోకండి, ఆ ఫిర్యాదులను పాటలుగా కూర్చి ఆరాధనలో పాడించిన గ్రంథం ఇది.

నమ్మకం మాట కూడా నోట రాకపోతే 88వ కీర్తన ఉంది. అది చీకటితోనే ముగుస్తుంది. ఓదార్పు లేకుండా ఆగిపోయిన ప్రార్థన కూడా ప్రార్థనగానే లెక్కకు వచ్చిందని దానివల్ల తెలుస్తుంది. పైకి చదవండి, ఆమేన్ అనండి, ఆ రోజుకు చాలు.

నిద్ర, తిండి

1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడి చనిపోవాలని కోరుకున్నాడు. దూత వచ్చి ప్రసంగం చేయలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు చూపించాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారీ అదే చేశాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే.

కాబట్టి సాయంత్రం నాలుగు దాటాక టీ కాఫీ మానండి. లేచే వేళ రోజూ ఒక్కటే ఉంచండి. పక్క మీద ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చుని 4వ కీర్తన ఎనిమిదో వచనం నెమ్మదిగా చెప్పుకోండి. నిద్ర వస్తేనే పక్క మీదికి వెళ్లండి. ఫోనులో బైబిల్ తెరిస్తే పైన వచ్చే మెసేజ్ మిమ్మల్ని లాక్కెళుతుంది, రాత్రికి అచ్చు పుస్తకమే మేలు.

ఉపవాసం గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. తిండి మానితే ఒంట్లో చక్కెర తగ్గి వణుకు, చెమట, దడ వస్తాయి, అవి అచ్చం ఆందోళనలాగే ఉంటాయి. ఆందోళన తీవ్రంగా ఉన్న వారాల్లో ఉపవాస ప్రార్థనలూ రాత్రంతా మేలుకునే ప్రార్థనలూ వాయిదా వేసుకోండి. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా అసలే చేయొద్దు. టీవీనో ఫోనునో మానడం కూడా ఉపవాసమే.

ఎక్కడ దారి తప్పుతుంది

ప్రార్థన చేసే కొద్దీ భయం పెరుగుతోందా? అయితే అది ప్రార్థన రూపంలో ఉన్న చింతన. ‘ప్రభువా, అలా జరిగితే ఎలా, ఇలా జరిగితే ఎలా’ అంటూ గంటసేపు సాగుతుంది. గడియారం పెట్టుకుని ఆపండి.

వాగ్దాన కార్డులనూ, బైబిల్ గుడ్డిగా తెరిచి వేలు పడిన వచనాన్నీ జోస్యంలా వాడటం ఇంకో ఉచ్చు. మంచి వచనం వస్తే ఐదు నిమిషాల ఊరట, హెచ్చరిక వచనం వస్తే మూడు రోజుల గుబులు. అధ్యాయం వరుసగా చదవండి. పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందనే మెసేజ్‌లు తుడిచేయండి. మీ ఇంటి మీద చేతబడి ఉందని, నూనె కొంటే పోతుందని చెప్పేవాళ్లు భయాన్నే అమ్ముతున్నారు, వాళ్ల దగ్గరికి వెళ్లకండి.

ఒక్కరికి చెప్పండి

అందరికీ కాదు. శుక్రవారం కూడికలో ప్రార్థన విన్నపంగా చెబితే ఆదివారానికి ఊరంతా తెలిసే ప్రమాదం ఉంది. మాట బయటపెట్టని ఒక్క మనిషిని ఎంచుకోండి, పాస్టరమ్మ గారు కావచ్చు, స్త్రీల సమాజంలో పెద్దావిడ కావచ్చు, స్నేహితుడు కావచ్చు. అడగాల్సింది ముందే చెప్పండి: ‘అక్కా, నాకు సలహా వద్దు. పది నిమిషాలు విని, చివర ఒక చిన్న ప్రార్థన చేస్తే చాలు.’

వినేవాళ్లకూ ఒక మాట. ‘విశ్వాసం ఉంచు’, ‘నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా’ అనకండి. ‘ఎప్పటి నుంచి?’ అని అడగండి. ‘రేపు సాయంత్రం ఫోన్ చేస్తాను’ అని చెప్పి, తప్పకుండా చేయండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

హిజ్కియాకు జబ్బు చేసినప్పుడు దేవుడు స్వస్థత మాట ఇచ్చాడు. యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు (2 రాజులు 20:7). మాటా దేవునిదే, ముద్దా దేవునిదే. లూకాను పౌలు ప్రియమైన వైద్యుడు అన్నాడు.

దిగులు వల్ల రెండు మూడు వారాలుగా నిద్ర, తిండి, పని దెబ్బతింటే డాక్టరుకు చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువగా ఉన్నా దడ వస్తుంది, ముందు ఆ పరీక్షలు చేయించండి. ఆందోళనకు రోజూ వాడమని ఇచ్చే మందుల్లో చాలావాటి ఫలితం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాలుగు రోజులకే పనిచేయలేదని, లేదా కూటంలో స్వస్థత వచ్చిందని ఒక్కసారిగా ఆపేయకండి. కొన్ని మందులు హఠాత్తుగా ఆపితే ప్రమాదం. తగ్గించాలంటే డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. పక్కింటివాళ్ల నిద్రమాత్రలు ముట్టుకోవద్దు.

చచ్చిపోతే బాగుండు అనే తలంపు ఒక్కసారి వచ్చినా సాయంత్రం ఆరింటి దాకా ఆగకండి. 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్, ప్రభుత్వ సేవ, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అమెరికాలో ఉన్నవాళ్లు 988కి చేయొచ్చు. ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోమని అడగండి.

నెల తిరిగాక

నెలాఖరు ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, భోజనమయ్యాక నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేయండి. ఎర్ర పెన్నుతో మూడు గుర్తులు పెట్టండి: జరగనే జరగని భయానికి సున్నా, జరిగినా దాటగలిగిన దానికి టిక్కు, ఇంకా నలుగుతున్న దానికి చుక్క. సున్నాలనూ టిక్కులనూ పైకి చదివి స్తోత్రం చెప్పండి. చుక్క పెట్టినవాటిని ఒక్కొక్కటిగా కొత్త పేజీలోకి ఎక్కించి, పైన ఆ రోజు తేదీ వేయండి.